కదలకముందు ఒక చుట్టు

లారీ కదలకముందు డ్రైవరు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. దారిన పోయేవాళ్ల కంట అది పడదు. పడినా, టైర్లు చూసుకుంటున్నాడులే అనుకుని పోతారు. మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు దగ్గర సాయంత్రం పూట నిలబడి ఆ చుట్టును నేను కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడి తన్మయత్వంతో చూశాను. దాన్ని కళ అనడానికి నాకు సంకోచం లేదు. దానికి ఎత్తుగడ ఉంది, నడక ఉంది, విరామం ఉంది. చేసేవాడిని బట్టి అదే చుట్టు ఒకచోట పేలవంగానూ, మరోచోట ఒళ్లు పులకరించేంత అందంగానూ ఉంటుంది. ఇక లైసెన్సు పరీక్ష కోసం దాన్ని వల్లెవేస్తున్న కుర్రవాడు ఉన్నట్టుండి నిజంగా చూడటం మొదలుపెట్టే ఘడియ ఉందే, దానికి సాటి వచ్చే అందాలు నాకు ఎక్కువ తెలియవు.

అనంతపురం నుంచి కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. రోడ్డు ఒకటే, సరుకులు మూడు. మదనపల్లెలో టమాటా క్రేట్లు ఎత్తుతారు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాడి ఉంది, అక్కడ పాల ట్యాంకర్లు తిరుగుతాయి. కుప్పం వైపు గ్రానైటు క్వారీలు, అక్కడ రాతి దిమ్మెలు. ఈ దారి వెంబడి క్లీనరుగా చేరి స్టీరింగు మీద ఆశతో ఏళ్లు గడిపే కుర్రాళ్లు ఎంతమందో. చక్రాలకు రాళ్లు పెట్టడం, పట్ట కప్పి తాళ్లు బిగించడం, బండి వెనక్కి వచ్చేటప్పుడు వెనక నిలబడి ‘రానీ రానీ’ అని అరవడం, తెల్లవారుజామున డ్రైవరు కన్ను మూతపడకుండా కబుర్లు చెప్పడం వాళ్ల చదువు. దాని పైమెట్టు హెవీ లైసెన్సు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలన్నా, అంతకుముందే లైట్ వెహికల్ లైసెన్సు చేతికొచ్చి ఏడాది గడిచి ఉండాలి. పరీక్షలో ఏమేం చూడాలో 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 15వది వరసగా చెబుతుంది. మొదటి అంశం అద్దం సరిచేసుకోవడం. రెండోది ఇంజను స్టార్టు చేసే ముందు తగిన జాగ్రత్తలు తీసుకోవడం. అంతే, ఒక్క ముక్క. డ్రైవింగ్ స్కూళ్లకు పాఠాలు నిర్ణయించే 31వ నిబంధన దాన్ని రెండుగా విడదీసింది: సీట్లో కూర్చునే ముందు చూడాల్సినవి, కూర్చున్నాక చూడాల్సినవి. మన శాస్త్రాల్లో సూత్రం ఎంత పొట్టిగా ఉంటుందో ఇదీ అంతే పొట్టిది. దాని వ్యాఖ్యానమంతా యార్డుల్లో, మెకానిక్ షెడ్లలో, పెద్ద డ్రైవర్ల నోళ్లలో నడుస్తూ ఉంటుంది.

ఆ వ్యాఖ్యాతల్లో నేను విన్నంతలో గొప్పవాడు పుంగనూరు పక్క పల్లె మనిషి. చూపు మందగించి స్టీరింగు వదిలేశాడు. ఇప్పుడు లైసెన్సుకు పోయే పిల్లలను వెంటేసుకుని, షెడ్డులో నిలిపిన బండ్ల చుట్టూ తిప్పుతాడు. ఆయన మొదటి షరతు, నోరు మూసుకుని చూడకూడదని. “చూసింది చెప్పు నాయనా. చెప్పకుంటే నువ్వు చూసినట్టు నాకెట్ట తెలుస్తాది? అంతెందుకు, నీకు మాత్రం ఎట్ట తెలుస్తాది?”

ఆ రెండో ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. కన్ను ఒక వస్తువు మీద నిలబడటం వేరు, అది మనసుకు ఎక్కడం వేరు. మాట ఆ రెంటినీ కలుపుతుంది. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సుకు పెట్టే పరీక్షలో ఇదే సూత్రం మీద ఒక భాగమే ఉంది. అక్కడ నడిపి చూపించే భాగాలు రెండుంటే, వాటికి ముందు బండిని పరీక్షించి చూపించే భాగం ఒకటి. అభ్యర్థి లారీ చుట్టూ నడుస్తూ, ఒక్కో భాగాన్ని వేలుపెట్టి చూపిస్తూ, దాని పేరు చెప్పి, అది బాగుందని ఎలా తెలుసుకున్నాడో పరీక్షాధికారికి పైకి చెప్పాలి. నట్టు ఊడలేదు, పగుళ్లు లేవు, కారడం లేదు అని ప్రతిదానికీ చెప్పాలి. జపాను రైలు డ్రైవర్లు సిగ్నలును వేలితో చూపిస్తూ దాని రంగును బిగ్గరగా పలుకుతారు. పుంగనూరు పెద్దాయనకు ఈ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. ఆయన తన దారిన అక్కడికే వచ్చి నిలబడ్డాడు.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తగా అనిపించకూడదు. మనకు అవధానం ఉంది. సమస్య ఒకరు, దత్తపది ఒకరు, నిషిద్ధాక్షరి ఒకరు ఇస్తూంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డం పడి ఏదో ఒకటి అడుగుతూ ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తుంటే, అవధాని అన్నిటినీ మనసులో నిలుపుకుని చివరికి పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ఆ ధారణ దగ్గరే సభ ఊపిరి బిగబడుతుంది. మార్కెట్ యార్డులో కుర్రవాడి పరిస్థితి అచ్చంగా ఇదే. ఒకవైపు మండీ గుమాస్తా తొందరపెడుతుంటాడు, హమాలీలు ‘పక్కకు జరగన్నా’ అని అరుస్తుంటారు, జేబులో ఫోను మోగుతూ ఉంటుంది, వెనక బండివాడు హారన్ కొడతాడు. ఇంత మంది అప్రస్తుత ప్రసంగుల నడుమ అతను డ్రైవరు తలుపు దగ్గర మొదలుపెట్టిన వరసను తెగకుండా ముందు నంబరు ప్లేటు దాకా లాక్కురావాలి. మధ్యలో తెగితే తెగినచోటి నుంచి అందుకోనివ్వడు పెద్దాయన. మళ్లీ మొదటినుంచీ నడవాల్సిందే.

వరస గురించి కొంచెం నిదానించి చెప్పాలి. దీని రచనాశిల్పమంతా అక్కడే ఉంది.

మొదటి చూపు దూరం నుంచి. బండి దగ్గరికి పోకుండా, పది పదిహేను అడుగుల అవతల నిలబడి మొత్తం ఆకారాన్ని చూడాలి. ఒక పక్కకు ఒరిగి ఉందా? ఒరిగితే కమాన్ పట్టీ విరిగి ఉండొచ్చు, టైరులో గాలి దిగి ఉండొచ్చు, సరుకు ఒకవైపుకు జరిగి ఉండొచ్చు. ఆ తర్వాత వంగి కింద నేలను చూడాలి. నేల మీద చుక్కలున్నాయా, ఉంటే నల్లగా ఉన్నాయా, నీళ్లలా ఉన్నాయా, డీజిల్ వాసన ఉందా? భాగాల్లోకి పోకముందు సమగ్రరూపాన్ని చూడమనే ఈ ఎత్తుగడ నాకు చాలా ఇష్టం. మంచి కావ్యం చదివేవాడూ ఇలాగే మొదలుపెడతాడు.

ఆ తర్వాత డ్రైవరు తలుపు దగ్గర మొదలై, వెనక్కి నడిచి, ఎడమ పక్కనుంచి ముందుకు వచ్చి, చివరికి ఇంజను దగ్గర ఆగాలి. అలా నడిస్తే చుట్టు పొడుగునా బండి మన కుడిచేతి వైపే ఉంటుంది, గుడిలో ప్రదక్షిణం చేసేటప్పుడు గర్భాలయం ఉన్నట్టు. పెద్దాయన దీనికి భక్తి కారణం చెప్పలేదు. “కుడిచెయ్యి ఊరికే ఉండకూడదు, తాకుతా రావాల” అన్నాడు. చూసే చుట్టు అలా తాకే చుట్టు కూడా అయింది. చక్రం నట్ల మీద వేళ్లు పోతాయి. వదులైన నట్టు కింద తుప్పు సన్నగా చారకట్టి బయటికి పాకుతుంది. కొన్నిసార్లు నట్టు చుట్టూ లోహం రాసుకుని తళతళలాడుతుంది. కొత్తవాడి కంటికి ఆ మెరుపు శుభ్రంగా కనిపిస్తుంది. తెలిసినవాడికి అదే అపాయం. ఒకే గుర్తు ఒకరికి అందంగా, ఒకరికి హెచ్చరికగా కనిపించడం, నేర్చుకున్నకొద్దీ మొదటి అర్థం కరిగి రెండోది పైకి తేలడం నాకు విమర్శకుడిగా గొప్ప పాఠం.

కమాన్ పట్టీల దగ్గర కుర్రవాడు మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, పైది పొడుగు, కిందికి పోయేకొద్దీ పొట్టి. మధ్యలో సెంటర్ బోల్టు, దాన్ని ఇరుసుకు కట్టిపడేసే యూ బోల్టులు. ఇంత బరువు మోసే వస్తువులో ఇంత సుకుమారమైన వంపు ఉంటుందని నేను అనుకోలేదు. ఖాళీ బండిలో అది నవ్వుతున్న పెదవిలా వంగి ఉంటుంది, సరుకెక్కేకొద్దీ సాపు అవుతుంది. విరిగిన పట్టీ పెద్దగా బయటపడదు. దుమ్ము పట్టిన పట్టీ మీద వెంట్రుకంత గీత ఉంటుంది, ఆ గీత పొడవునా దుమ్ము రంగు మారి ఉంటుంది. కుర్రవాడు ఒకసారి ఆ గీతను దాటేసి పోయాడు. ‘కమాన్ కట్ట బాగుంది, విరగలేదు, జరగలేదు’ అని పాఠం అప్పజెప్పి లేచాడు. పెద్దాయన ఏమీ అనలేదు. తడిగుడ్డ ఇచ్చి తుడవమన్నాడు. తుడిచినాక గీత నల్లగా బయటపడింది. పిల్లవాడి మొహంలో రంగు మారింది.

ఇక్కడే ఈ విద్యలోని అసలు చిక్కు ఉంది. 1895లో ఈ మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చూడటం గురించే మాట్లాడారు. పద్ధతి, జపం, పునరుక్తి మనసును మొద్దుబారుస్తాయని ఆయన గట్టిగా నమ్మారు. ఆ కమాన్ పట్టీ ఆయన మాటకు సాక్ష్యం. నోరు ‘విరగలేదు’ అంటూ ఉంటే కన్ను విరిగినదాని మీదనుంచే జారిపోయింది. వల్లెవేయడం చూపును మింగేసింది. అయినా నేను కృష్ణమూర్తితో పూర్తిగా ఏకీభవించలేను. పాఠమే లేకపోతే ఆ పిల్లవాడు కమాన్ పట్టీ ముందు మోకాలు వంచేవాడే కాదు. పద్ధతి అతణ్ని ఆ చోటికి తీసుకొచ్చింది. అక్కడినుంచి చూపు మేలుకోవాలి, దాన్ని మేలుకొలిపే ఉపాయం గురువుది.

పెద్దాయన ఉపాయం ఇది. పిల్లలు టీకి పోయినప్పుడు బండిలో ఏదో ఒకటి చెడగొడతాడు. వెనక ఇండికేటరు బల్బు వదులు చేస్తాడు. జంట టైర్ల మధ్య రాయి ఇరికిస్తాడు. రేడియేటరు మూతను అరచుట్టు తిప్పి వదిలేస్తాడు. ఒక్కోరోజు ఏదీ చెడగొట్టడు. ఆ రోజు అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పిల్లలు లేని తప్పు కోసం వెతికి వెతికి అలిసిపోతారు. అలా వెతికేటప్పుడు వాళ్ల నోటి పాఠం నెమ్మదిస్తుంది. మాటకూ మాటకూ మధ్య జాగా ఏర్పడుతుంది. ‘బాగుంది’ అనే మాట అంతకుముందు ఊతపదంలా వచ్చేది, ఇప్పుడు తీర్పులా వస్తుంది. స్వరం మారడం నేను చెవులారా విన్నాను. పాడేవాడు స్వరస్థానాలు దాటి రాగంలోకి దిగినప్పుడు కచేరీలో ఇలాగే అవుతుంది.

టైర్ల దగ్గర చెవికి పని. చేతిలో వీల్ స్పానరు పట్టుకుని ఒక్కో టైరు మీద ఒక దెబ్బ వేస్తాడు. గాలి నిండిన టైరు స్పానరును వెనక్కి ఎగరేస్తుంది, ఖంగుమంటుంది. గాలి దిగినది దెబ్బను మింగేసి ‘దబ్’ అంటుంది. వెనక జంట టైర్లలో లోపలిది కంటికి కనపడదు. దాని కబురు శబ్దంతోనే తెలియాలి. పది చక్రాల బండికి పది దెబ్బలు, పదింటిలో ఒక్కటి తప్పు పలికితే మొత్తం వరస చెడుతుంది. వ్యంగ్యార్థం సహృదయుడికి ఎలా అందుతుందో చెప్పడానికి ఆనందవర్ధనుడు గంట మోగాక మిగిలే అనురణనాన్ని ఉపమానంగా తెచ్చాడు. దెబ్బ వాచ్యం. దాని వెంట చెవిలో నిలిచే మోత వేరే కథ చెబుతుంది. అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చెవి పోల్చగలదు గానీ కొలవలేదు. పది టైర్లలోనూ గాలి సమంగా తగ్గి ఉంటే పదీ ఒకే శ్రుతిలో పలికి మోసం చేస్తాయి. అందుకే గేజీ. పెద్దాయన సంచిలో రెండూ ఉంటాయి. గాడులు అరిగిపోయాయేమో చూడటానికి కూడా ఆయనకు కొలత ఉంది. నిబంధనల ప్రకారం లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ఆ హద్దు తెలియడానికి తయారుచేసినవాళ్లే గాడి అడుగున చిన్న గుబ్బలు పెడతారు. టైరు అరిగి వాటితో సమం అయిందంటే దాని ఆయుష్షు తీరినట్టే.

తర్వాత గాలి ట్యాంకు. బ్రేకులు పనిచేసేది గాలితోనే. కంప్రెసరు గాలిని ఒత్తిపెట్టేటప్పుడు అది వేడెక్కుతుంది. ట్యాంకులో చల్లారాక అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది. ఆ నీరు వాల్వుల్లోకి పోతే తుప్పు, జిగురు, ఆపైన బ్రేకు మొరాయింపు. ట్యాంకు అడుగున ఉన్న చిన్న వాల్వును లాగితే ముందు ‘ఫుస్సు’మని నీళ్లు చిమ్ముతాయి, తర్వాత తెల్లటి ఆవిరి, తర్వాత శుభ్రమైన పొడి గాలి. ఆ మూడో శబ్దం వచ్చేదాకా వేలు తీయకూడదు. నీళ్లలో నూనె కలిసి మజ్జిగలా తెల్లగా వస్తే కంప్రెసరు నూనె తాగుతోందని అర్థం. చేతికి అంటిన తడిని పిల్లవాడు వేళ్ల మధ్య రుద్ది చూసి “నూనె లేదన్నా, నీళ్లే” అన్నప్పుడు అతని గొంతులో ఒక ధీమా వినిపించింది. ఆ ధీమా పుస్తకం ఇచ్చింది కాదు.

నా మనసు పూర్తిగా దోచుకున్న ఘట్టం మాత్రం చివరిది. సీట్లో కూర్చున్నాక చేసే గాలి పరీక్ష.

చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజను స్టార్టు చేసి గాలి ఎక్కనిస్తారు. గేజీ ముళ్లు మెల్లగా పైకి లేస్తాయి. నిండగానే వాల్వు ‘టుష్షు’మని ఊపిరి వదులుతుంది. అప్పుడు ఇంజను ఆపేస్తారు. హ్యాండ్ బ్రేకు విడిచి, కాలితో బ్రేకు పెడలు మీద గట్టిగా ఒత్తి, ఒక నిమిషం అలాగే పట్టుకుంటారు. అంతే. ఆ నిమిషంలో చేసే పని ఏమీ లేదు, ముల్లును చూడటం, వినడం తప్ప. ఎక్కడో ‘స్స్’ అని సన్నటి శబ్దం వస్తుందేమో, ముల్లు జారుతుందేమో. అమెరికా పరీక్షలో దీనికి అంకెలు ఉన్నాయి: ఒంటి బండికి నిమిషంలో 3 పీఎస్‌ఐ, ట్రైలరు ఉంటే 4 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడిపోకూడదు. ఆ తర్వాత పెడలును పదే పదే తొక్కి గాలి దించుతారు. ఒక స్థాయికి దిగగానే హెచ్చరిక బజరు మోగాలి, ఇంకా దిగితే పార్కింగ్ బ్రేకు తనంతట తాను పడిపోవాలి.

ఆ తనంతట తాను పడటంలోని ఊహ నాకు అపురూపంగా తోస్తుంది. స్ప్రింగు ఎప్పుడూ చక్రాన్ని పట్టుకోవాలనే చూస్తుంటుంది. గాలి ఒత్తిడి దాన్ని వెనక్కి నెట్టి ఉంచుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు వచ్చి చక్రాన్ని బిగించేస్తుంది. లోపం వచ్చినప్పుడు బండి పరిగెత్తకుండా ఆగిపోయేలా కల్పన చేశారు. దీని మూలం రైళ్లలో ఉంది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు. పెట్టెల మధ్య గొట్టం తెగితే బ్రేకులు వాటంతటవే పడే పద్ధతిని ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కనిపెట్టాడు. ఏది తప్పినా ఫలితం ఆగడమే కావాలని ముందే అనుకుని ఒక యంత్రాన్ని కట్టడం కవి చేసే పనికి తక్కువేమీ కాదు.

మన సినిమా లారీ డ్రైవరును వీరరసంలోనే చూపింది. 1990లో బాలకృష్ణ నటించిన ‘లారీ డ్రైవర్’ పేరు వినగానే హారన్లు, దుమ్ము, ఫైట్లు గుర్తొస్తాయి. ఆ వీరం అబద్ధం కాదు, రాత్రిపూట ఘాట్ దిగేవాడికి ధైర్యం కావాలి. కానీ ఆ నిమిషం పాటు పెడలు మీద కాలు పెట్టి ముల్లును చూస్తూ కూర్చున్న మనిషిలో నాకు కనిపించింది శాంతం. అది పనీపాటా లేనివాడి శాంతం కాదు. కాసేపటికి వచ్చే వేగాన్నంతా లోపల ఉంచుకున్న శాంతం. అభినవగుప్తుడు శాంతాన్ని మిగతా రసాలన్నిటికీ మూలంగా ఎందుకు నిలబెట్టాడో నాకు ఆ క్యాబిన్‌లో కూర్చున్నప్పుడు బాగా తెలిసింది.

సరుకు మారితే ఇదే చుట్టు మరోలా నడుస్తుంది. టమాటా బండి ఎత్తుగా ఉంటుంది. క్రేటు మీద క్రేటు పేరుస్తారు, గాలి ఆడాలి కాబట్టి పట్టను పూర్తిగా బిగించరు. డ్రైవరు కన్ను తాళ్ల మీద, పై వరస క్రేట్ల మీద ఎక్కువసేపు నిలుస్తుంది. పోయేది రాత్రి, చేరాల్సింది తెల్లారే లోపు, అందుకని లైట్ల దగ్గర ఇంకో క్షణం ఆగుతాడు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో టమాటా రెండు వందల రూపాయల దగ్గరదాకా పోయినప్పుడు సరుకు విలువతో పాటు తొందర కూడా పెరిగింది. తొందర పెరిగినప్పుడే ఈ చుట్టు కుంచించుకుపోతుంది, కాబట్టి దాన్ని నిలబెట్టుకున్న డ్రైవర్లంటే నాకు గౌరవం.

పుంగనూరు పాల ట్యాంకరుకు తాళ్లు లేవు. మూతలు, సీళ్లు, కింది వాల్వు చూసుకోవాలి. కానీ అసలు విషయం కంటికి కనపడదు. సగం నిండిన ట్యాంకులో పాలు కదులుతాయి. బ్రేకు వేసినప్పుడు ముందుకు పోటెత్తి బండిని నెడతాయి. చుట్టు తిరిగేవాడు ట్యాంకు ఎంత నిండిందో అడిగి తెలుసుకుని, దాన్ని మనసులో పెట్టుకుని కాలు వేయాలి. చూడటంలో అడగటం కూడా ఒక భాగమని పాల బండి నేర్పుతుంది.

కుప్పం దిమ్మె దగ్గరికి వస్తే ఊపిరి బరువెక్కుతుంది. ఘనపు మీటరు గ్రానైటు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. పెద్ద దిమ్మెలు రెండు మూడు ఎక్కితే బండి నిండినట్టే, పైన అంతా ఖాళీగా కనిపిస్తుంది. 2018లో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచాక మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పోయింది. ఆ బరువులో కమాన్ పట్టీ వంపు మొత్తం చదునవుతుంది, టైరు పక్కగోడ ఉబ్బుతుంది. గొలుసులు, వాటిని బిగించే స్క్రూలు, దిమ్మె కింద పెట్టిన చెక్కలు ఒక్కొక్కటీ చేత్తో లాగి చూడాల్సిందే. రాయి జారితే దాన్ని ఆపే శక్తి మనిషి దగ్గర లేదు. కుప్పం డ్రైవర్లు గొలుసును తాకే తీరులో ఒక వినయం ఉంటుంది, అది నాకు మిగతా రెండు ఊళ్లలో కనిపించలేదు.

పలమనేరు దాటి చిత్తూరు వైపు దిగే లారీలకు మొగిలి ఘాట్ ఉంది. ఎన్నో ప్రాణాలు తీసిన దిగుడు అది, 2024 సెప్టెంబరులో కూడా ఆర్టీసీ బస్సు, లారీల ప్రమాదంలో ప్రయాణికులు చనిపోయారు. 15వ నిబంధన పరీక్షాంశాల్లో వాలులో దిగేటప్పుడు త్వరగా కింది గేరుకు మారడం ఒకటి. బ్రేకునే నమ్ముకుని దిగితే డ్రమ్ము వేడెక్కి లైనింగు పట్టు వదులుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్ల మాట. దిగువన బండి ఆపినప్పుడు పెద్దాయన శిష్యులు అరచేతి వెనకవైపును హబ్బు దగ్గర పెట్టి వేడి చూస్తారు. చెయ్యి ఆనించరు, కొంచెం దూరంలోనే ఉంచుతారు. ఒక చక్రం మిగతావాటికంటే ఎక్కువ కాగుతుంటే దాని బ్రేకు పట్టేసి ఉందనో, బేరింగు పోతోందనో తెలుస్తుంది.

భట్టనాయకుడు సాధారణీకరణం గురించి చెప్పాడు. నాటకం చూసేటప్పుడు ఆ దుఃఖం రాముడిదీ కాదు, నాదీ కాదు, మనుషులందరిదీ అవుతుంది. ఈ చుట్టులో నాకు దొరికిన రసానుభవం అటువంటిదే. చక్రం నట్టును తాకే చెయ్యి మొదట తన ప్రాణం కోసం తాకుతుంది. నేర్చుకునే కుర్రవాడిలో ఉండేది ఆ భయమే, దానితోపాటు పరీక్ష భయం. ఏదో ఒక రోజు ఆ భయం తన పేరు పోగొట్టుకుంటుంది. ఎదురుగా వచ్చే బస్సులోని వాళ్లు, రోడ్డు దాటే బడిపిల్లలు, తెల్లారి పాల క్యానుతో సైకిలు తొక్కే మనిషి, వీళ్లలో ఎవరూ తనకు తెలియదు, అయినా వాళ్లందరి కోసం ఆ వేళ్లు నట్టు మీద ఇంకో క్షణం ఆగుతాయి. ఆ క్షణం ఆగడంలో ఉన్న ప్రేమకు చూసేవాడు లేడు, చప్పట్లు లేవు, ఆ ప్రేమ అందినవాళ్లకు అందినట్టు కూడా తెలియదు. విమర్శకుడిగా నేను చేయగలిగింది, చూశానని చెప్పడం.

పరీక్షలో దీనికి దక్కే చోటు చాలా తక్కువ. లైసెన్సు ఇచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు కుర్రవాడు గేర్లు, రివర్సు, ఎత్తులో బండి వెనక్కి జారకుండా నిలపడం చూపిస్తాడు. చుట్టు తిరిగి చెప్పమని అడిగితే చెప్తాడు, అడగకపోతే ఆ విద్యంతా అతనిలోనే ఉండిపోతుంది. ఈ భాగాన్ని వేరే పరీక్షగా, మార్కులతో, పైకి చెప్పించి పెట్టాలని నా కోరిక. పైకి చెప్పించడం మాత్రం వదలకూడదు.

చుట్టు ముగిసిందనుకునే చోట ఇంకొక్కటి మిగిలి ఉంటుంది. రాళ్లు తీసి, గేరు వేసి, బండిని నడక వేగంలో కొన్ని అడుగులు కదిలించి, అక్కడే బ్రేకు వేసి చూడాలి. ఒక పక్కకు లాగుతుందా, పెడలు లోపలికి దిగుతుందా, పట్టు ఆలస్యమవుతుందా? నిలబడిన బండి చెప్పలేని సంగతి కదిలే బండే చెప్పాలి కాబట్టి ఈ చివరి చరణం ప్రయాణంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఎక్కడ పరీక్ష ఆగి ఎక్కడ ప్రయాణం మొదలైందో గీత గీయలేం.

ఆ సాయంత్రం పిల్లవాడు బండిని యార్డు గేటుదాకా తెచ్చి బ్రేకు వేశాడు. “నేరుగా ఆగిందన్నా, ఏ పక్కకూ లాగలేదు” అన్నాడు. పెద్దాయన పక్క సీట్లోనుంచి అద్దం వైపు చెయ్యి చూపించి, “ఎనక ఎవరుండారో చెప్పు, ఆమైన పోదాం” అన్నాడు.